ఊరు చెప్పే సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తే మన సంఘాల్లో లేచి నిలబడేవారికి కొదవ ఉండదు. జ్వరం తగ్గిందని ఒకరు, బోరులో నీళ్లు పడ్డాయని ఒకరు, బిడ్డకు ఉద్యోగం వచ్చిందని ఇంకొకరు చెబుతారు. అందరం కలిసి దేవునికి స్తోత్రం చెబుతాం. ఇది మంచి అలవాటే. దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం కృతజ్ఞతకు గుర్తు. కాకపోతే ఇది మన గురించి మనం చెప్పుకునే సాక్ష్యం. మన గురించి పక్కింటివారు, పక్క పొలంవారు ఏం చెబుతారన్నది ఆరాధనలో ఎవరూ అడగరు.

బైబిలులో ఒక పెద్దాయన ఆ ప్రశ్న అడిగాడు. మొదటి సమూయేలు గ్రంథం 12వ అధ్యాయంలో సమూయేలు ప్రవక్త తన బాధ్యతలు సౌలు రాజుకు అప్పగించి జనం ముందు నిలబడ్డాడు. తల నెరిసింది. చిన్ననాటి నుంచి వారి కళ్ల ముందే బతికినవాడు. ఇప్పుడు దేవుని ఎదుట, రాజు ఎదుట తన మీద సాక్ష్యం చెప్పమని వారినే అడిగాడు. ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా? ఎవరి గాడిదనైనా పట్టుకుపోయానా? ఎవరినైనా మోసగించానా, బాధపెట్టానా? లంచం పుచ్చుకుని కళ్లు మూసుకున్నానా? అలా చేసి ఉంటే చెప్పండి, తిరిగి ఇచ్చేస్తానన్నాడు. అలాంటిదేమీ లేదని జనం ముక్తకంఠంతో చెప్పారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సమూయేలు సామాన్యుడు కాడు. పసితనంలోనే దేవుని స్వరం విన్నవాడు. రాజులను అభిషేకించినవాడు. ఆయన ప్రార్థన చేస్తే కోతకాలంలో ఉరుములు, వర్షం వచ్చాయి. అయినా ఆ రోజు ముందుగా తన దర్శనాల గురించి గాని, ప్రార్థనల గురించి గాని అడగలేదు. ఎద్దు గురించి, గాడిద గురించి, లంచం గురించి అడిగాడు! భక్తి నిజమా కాదా అన్నది చివరికి తేలేది ఇలాంటి చిన్న లెక్కల్లోనే అని ఆయనకు తెలుసు. అతి కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు కూడా లూకా సువార్త 16వ అధ్యాయంలో బోధించాడు.

అలాగని సమూయేలు ఇంట్లో మచ్చ లేదా? ఉంది. ఆయన కుమారులు లంచాలు పుచ్చుకుని న్యాయాన్ని వంకర చేశారని 8వ అధ్యాయం దాచకుండా చెబుతోంది. రాజు కావాలని జనం అడగడానికి అదొక కారణం. అయినా సమూయేలు ఆ రోజు కొడుకులను చాటుకు తప్పించలేదు. వారు కూడా మీ మధ్యనే ఉన్నారని చెప్పి, తన లెక్క తాను అప్పగించాడు. నమ్మకంగా జీవించడమంటే ఇంట్లో ఏ లోపమూ లేనట్టు కనబడటం కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా వెలుగులో పెట్టి నిలబడటం.

మాట తప్పితే ఏమవుతుందో పల్నాడుకు ఎవరూ నేర్పనక్కరలేదు. 12వ శతాబ్దం నాటి పల్నాటి కథ ఇక్కడి పసిపిల్లలకూ తెలుసు. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచి పోయారు. గడువు తీరాక తిరిగి వచ్చి తమ భాగం అడిగితే గురజాల కొలువు ఇవ్వనన్నది. ఒప్పందం నీటిమూట అయింది. కారెంపూడి నేల నెత్తురుతో తడిసింది. పౌరుషానికి పేరుపడ్డ ఈ సీమలో ఇప్పటికీ మనిషికి ఇచ్చే పెద్ద కితాబు ‘మాట మీద నిలబడేవాడు’ అన్నదే. ఆ కితాబు విశ్వాసికి దక్కకపోతే ఇంకెవరికి దక్కాలి?

మనకు సువార్త తెచ్చినవారు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో ఒకసారి గుర్తు చేసుకుందాం. పల్నాటి బాప్టిస్టు సంఘాలకు ఒంగోలు తల్లి వంటిది. 1883లో నరసరావుపేట, వినుకొండ ప్రాంతాలు ఒంగోలు నుంచి విడిపోయి వేరు మిషన్ కేంద్రాలయ్యాయి. అంతకు ముందు 1876–78 మధ్య ధాత కరువు ఈ జిల్లాలను కాల్చేసింది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. పనికి కూలి, కూలికి గింజలు, సాయంత్రం వాక్యం. బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడిగారు. ఏ మిషనరీ అయినా ఉప్పొంగిపోవలసిన సమయం అది. ఆయన మాత్రం ఇవ్వనన్నాడు. ఆకలి తీరుతుందని వస్తున్నారో, ప్రభువు కోసం వస్తున్నారో తేలాలి కదా అని ఆగాడు. సుమారు పదిహేను నెలలపాటు ఒక్క బాప్తిస్మమూ జరగలేదు.

కరువు తగ్గింది. ఇక పంచడానికి డబ్బు లేదని ఆయన స్పష్టంగా చెప్పాడు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలని జనం చెప్పారు. వారిని ఎరిగిన బోధకులు విచారించాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర ఆ సంఖ్యను గుర్తు పెట్టుకుంది. అంతకన్నా గుర్తు పెట్టుకోదగినవి ఆ సంఖ్యకు ముందున్న పదిహేను ఖాళీ నెలలు. రిపోర్టులో సున్నా రాసి పంపడానికి వెనకాడని సేవకుడు కాబట్టే, తర్వాత రాసిన సంఖ్యను లోకం నమ్మింది.

లూథరన్ సంఘాలవారికి ఫాదర్ హయ్యర్ పేరు కొత్త కాదు. 1842 జూలై 31న గుంటూరు చేరినప్పటికే ఆయనకు యాభై దగ్గరపడింది. మధ్యలో అమెరికాకు తిరిగి వెళ్లి, 1847లో వైద్య పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాటి పల్లెల్లో పని చేశాడు. రైలు లేదు, సాగర్ కాలువ లేదు. ఎండ, జ్వరాలు, రాళ్ల బాటలు మాత్రం ఉన్నాయి. 1857లో స్వదేశానికి వెళ్లిపోయాడు. ఇక చాలు అనుకున్నా తప్పుపట్టేవారు లేరు. కాని 1869లో రాజమండ్రి మిషన్‌ను ఇతరులకు అప్పగించేద్దామని అక్కడి పెద్దలు ఆలోచిస్తున్నప్పుడు, నేను వెళ్తానని ఈ ముసలాయన ముందుకొచ్చాడు. 76 ఏళ్ల వయసులో సముద్రం దాటి మూడోసారి తెలుగు నేల మీద అడుగుపెట్టాడు. 1873లో తన 80వ ఏట అమెరికాలో కన్నుమూశాడు. మొదలుపెట్టడానికి ఉత్సాహం సరిపోతుంది. చివరిదాకా సాగడానికి నమ్మకత్వం కావాలి.

మరి ఇప్పుడు మన సంగతి? పల్నాడు 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా అయింది. ఊరూరా ప్రార్థనా మందిరాలున్నాయి. మైకులున్నాయి, పండుగలున్నాయి. సమూయేలు అడిగిన ప్రశ్నను మన పొలాలకు, దుకాణాలకు తెచ్చుకుని చూద్దాం. మిర్చి టిక్కీలో పైన ఎర్రకాయ పెట్టి అడుగున తాలుకాయ తొక్కుతున్నామా? తూకం పెరగాలని నీళ్లు చల్లుతున్నామా? కోతకు వచ్చిన కూలీలకు శనివారం ఇవ్వాల్సిన డబ్బును నాలుగు వారాలు తిప్పుతున్నామా? చదువురాని వదినమ్మ చేత ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించుకుని అంకె తర్వాత రాసుకుంటున్నామా? కౌలు రైతు పంట పోయి ఏడుస్తుంటే, ఆ పంటకు వచ్చిన నష్టపరిహారం మన ఖాతాలో వేసుకుని ఊరుకుంటున్నామా? ఎన్నికల ముందు రాత్రి తలుపు తట్టి ఇచ్చిన నోట్లు తీసుకుని, పొద్దున్నే దేశం కోసం ప్రార్థిస్తున్నామా? ఆదివారం మనం చెప్పిన సాక్ష్యానికి సోమవారం నుంచి శనివారం వరకు ఊరు జవాబు రాస్తుంది.

సంఘ నాయకులు కూడా ఈ ప్రశ్నకు అతీతులు కారు. కానుకల పుస్తకం ఎవరు అడిగినా చూపించగలరా? సంఘం స్థలం, సమాధుల స్థలం ఎవరి పేరున ఉన్నాయి? దూరదేశపు దాతలకు పంపే ఫొటోలలోని పిల్లలు, ఉత్తరాలలోని సంఖ్యలు నిజమేనా? క్లౌ దొర సున్నా రాసిన చోట మనం వందలు, వేలు రాయడం తేలిక. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరాల పతనం కానుక తగ్గించినందుకు కాదు. పొలం అమ్మకముందు వారిదే, అమ్మాక వచ్చిన సొమ్మూ వారి వశంలోదే అని పేతురే చెప్పాడు. కొంత ఇచ్చి మొత్తం ఇచ్చినట్టు నటించడమే వారి పాపం. దేవుడు మన నుంచి కోరేది పెద్ద కానుక కాదు, నిజమైన కానుక.

ఇక, మాట్లాడటానికి ఇబ్బందిపడుతూ అందరం పక్కన పెట్టే విషయం ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు బీసీ–సి కింద ఉన్నారు. మతంతో నిమిత్తం లేకుండా ఆ హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానమూ చేసింది. ఉత్తర్వు మాత్రం మారలేదు. నమ్మేది ఒకటై, కేవలం రిజర్వేషన్ కోసం చెప్పేది మరొకటైతే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

బాప్తిస్మం పొందినంత మాత్రాన ఊరు కులాన్ని మరిచిపోదు. పొలం దగ్గర కులం అడిగే ఊరికీ, ఆఫీసులో మతం అడిగే కాగితానికీ మధ్య నలిగిపోతున్న తల్లిని మేం వేలెత్తి చూపం. ఫీజు కట్టలేని ఆమె కష్టం ఆమెకే తెలుసు. కాని గుడిలో ఒక పేరు, బడిలో మరో పేరు చెప్పమని ఆరేళ్ల బిడ్డకు నేర్పినప్పుడు ఆ బిడ్డ నేర్చుకునే మొదటి పాఠం ఏమిటో కూడా ఆలోచించాలి. ఈ భారాన్ని ఆ తల్లి ఒక్కతే మోయడం న్యాయం కాదు. ఉత్తర్వు మార్చమని ప్రభుత్వాన్ని బహిరంగంగా అడిగే ధైర్యం సంఘ పెద్దలకు ఉండాలి. అంతవరకు ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడిన విశ్వాసులు సంఘంలోని పేద పిల్లల చదువుల కోసం ఒక నిధి పెట్టవచ్చు. అలాగే మన మందిరంలో ఏ కులంవారు ఎక్కడ కూర్చుంటున్నారో, మన పెళ్లి సంబంధాలు ఏ గడప దాటడం లేదో చూసుకోవాలి. పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని కథ చెప్పుకుంటాం. ప్రభువు బల్ల దగ్గర మనం అంతకన్నా వెనకబడితే ఏ ముఖం పెట్టుకుని న్యాయం అడుగుతాం?

ఇదంతా విని నిరుత్సాహపడనక్కరలేదు. సమూయేలు మాటల్లో నిరీక్షణకూ చోటుంది. ఎవరిదైనా తీసుకుని ఉంటే తిరిగి ఇస్తానన్నాడు. యెరికోలో జక్కయ్య చేసింది అదే. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న రోజే అతని ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించాడు. నిజాయితీగా బతకడమంటే ఎన్నడూ జారకపోవడం కాదు. జారినచోటికే తిరిగి వెళ్లి సరిచేసుకోవడం. మూడుసార్లు బొంకిన పేతురుకు ప్రభువు మళ్లీ మందను అప్పగించాడు. ఆయన క్షమాపణ అంత విశాలమైనది కాబట్టే మనం దాచుకోవలసిన అవసరం లేదు. క్షమాపణ మీద నమ్మకం లేనివాడే తప్పును కప్పిపెడతాడు.

అందుకు పెద్ద తీర్మానాలు అక్కరలేదు. ఈ వారం ఒక్క లెక్క సరిచేయండి. ఆపిన కూలి ఇచ్చేయండి. తీరిన అప్పు తాలూకు నోటు ఇంకా పెట్టెలో ఉంటే చింపి చేతికివ్వండి. మాటలు లేని అన్న ఇంటికి వెళ్లి గట్టు తగాదా తెంపుకోండి. ఇవి దేవుని పుస్తకంలోనూ, ఊరి జ్ఞాపకంలోనూ ఉంటాయి.

మన సమాధి కార్యక్రమం రోజున పాస్టరుగారు మన గురించి మంచి మాటలే చెబుతారు. అది మర్యాద. ఆ మాటలు వింటూ వెనక వరుసలో మన కూలి, మన కౌలుదారు, మనకు అప్పిచ్చిన శెట్టిగారు, మన పక్క పొలం రైతు నిలబడి ఉంటారు. వాళ్లు తల ఊపుతారా, తల దించుకుంటారా అన్నది మనం ఇప్పుడు బతికే రోజులే తేల్చాలి.