ఐదు మార్కుల ప్రశ్న

పోయిన సెమిస్టర్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ పేపర్‌లో నల్గొండ టెక్నిక్ మీద ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. నీళ్లలో సున్నం, పటిక కలపాలి, బాగా తిప్పాలి, ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లు తాగాలి. బొమ్మ గీసి బయటికొచ్చేశా. నాలుగు వేశారు.

మా తాతది మునుగోడు దగ్గర ఊరు. నిలబడితే ఆయన చూపు నేల మీదే ఉంటుంది. పక్కనున్న మనిషిని చూడాలంటే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పాలి. చిన్నప్పుడు "తాతని పెద్దాసుపత్రికి తీస్కపోదాం" అని గోల చేసేవాణ్ని. తీసుకెళ్లారు కూడా. నొప్పి గోలీలిచ్చి పంపించారు. ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన ఎముకని మళ్లీ మామూలుగా చేసే మందు లేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి ఎంతోమంది పేదోళ్లకి గుండె ఆపరేషన్లు చేయించింది, కాదనను. తాత నడుముకి మాత్రం ఆ కార్డు పనికిరాలేదు. ఆ నడుముకి కావాల్సింది యాభై ఏళ్ల కింద ఒక మంచినీళ్ల పైపు.

తెలియక జరిగిందా అంటే అదీ కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బుని గుర్తించి రాశారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ ఉపాయమూ చెప్పింది, దానికి మా జిల్లా పేరే పెట్టారు! కానీ రోజూ పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో పటిక కొలిచి కలిపేదెవరు? అందుకే నది నీళ్లు కుళాయికి రావడమే అసలు వైద్యం అంటాను. 2016లో మొదలైన మిషన్ భగీరథ మా ఊరికి కృష్ణా నీళ్లు తెచ్చింది. రెండో తరగతి చదివే మా మామయ్య కొడుక్కి ఈమధ్యే ముందు పళ్లు వచ్చాయి. తెల్లగా ఉన్నాయి. మా అమ్మ పళ్ల మీద ఇప్పటికీ గోధుమ రంగు చారలే.

ఆపరేషన్ అయినవాడు డాక్టరుకి దండం పెడతాడు. రాని రోగానికి ఎవరు దండం పెడతారు? అందుకే మోటారు కాలిపోయి నాలుగు రోజులు కుళాయి రాకపోయినా వార్త కాదు. జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. పైపుల మరమ్మతుకి పెట్టే డబ్బుని కూడా ఆరోగ్యం ఖర్చులోనే లెక్కేయాలని నా వాదన. (సివిల్ తీసుకున్నావా పాపం, అనేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.)

లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మా ల్యాబ్‌లో ఆ పరీక్ష చేస్తాం. సెలవులకి ఊరెళ్తే మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకురండి. గాజుది వద్దు, ప్లాస్టిక్‌దే తేండి.