మాటలు లేని ఆదరణ

2012 డిసెంబరు 14న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూటౌన్ పట్టణంలోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒక యువకుడు కాల్పులు జరిపాడు. 20 మంది చిన్నారులు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. క్రిస్మస్‌కు పదకొండు రోజుల ముందు జరిగిన ఘోరం అది. ఓదార్చేందుకు మానసిక నిపుణులు, పాదిరులు వెళ్లారు. దేశాధ్యక్షుడూ వెళ్లాడు. కొద్ది రోజుల్లోనే షికాగో ప్రాంతం నుంచి లూథరన్ చర్చ్ చారిటీస్ అనే క్రైస్తవ సంస్థ తన కుక్కలను కూడా పంపింది. అవన్నీ గోల్డెన్ రిట్రీవర్ జాతివి. మొరగకుండా, మీదికి ఎగబడకుండా, పసివాళ్లు మెడకు చుట్టుకున్నా కదలకుండా ఉండేలా నెలల తరబడి శిక్షణ పొందినవి. 2008లో నార్తర్న్ ఇల్లినాయిస్ యూనివర్సిటీలో కాల్పులు జరిగిన తర్వాత ఆ సంస్థ ఈ పరిచర్య మొదలుపెట్టింది. 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతులైనప్పుడూ ఆ సంస్థ కుక్కలు వెళ్లాయి.

కుక్కలను బడిలోకి తీసుకురావడమా అని మనకు విడ్డూరంగా తోస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి వీధికుక్కలు పొట్టన పెట్టుకున్న సంగతి మనం మరువలేదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రుల ఆవరణల నుంచి వీధికుక్కలను తరలించాలని ఆదేశించింది. అయితే మనం చెప్పుకుంటున్నవి ఆ కోవకు చెందినవి కావు. అంధులకు దారి చూపే కుక్క ఒక్క యజమానికే సేవ చేస్తుంది. ఆదరణ కోసం తర్ఫీదైన కుక్క అందరిదీ. అమెరికాలో కొన్ని బడుల్లో అది కౌన్సిలర్ గదిలోనే రోజంతా ఉంటుంది. 1999లో సాల్ట్‌లేక్ సిటీలో మొదలైన మరో పథకంలో, చదవడానికి తడబడే పిల్లలు కుక్క పక్కన కూర్చుని పుస్తకం పైకి చదువుతారు. తప్పు చదివితే కుక్క నవ్వదు, దిద్దదు.

దీనివల్ల మేలు ఎంత? వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 249 మంది విద్యార్థులను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. పది నిమిషాలు కుక్కలను, పిల్లులను నిమిరినవారిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ తగ్గింది. అయితే వాళ్లు కాలేజీ విద్యార్థులు, అది పది నిమిషాల ఉపశమనం. కుక్కంటే భయపడే పిల్లలుంటారు, దాని బొచ్చు పడనివాళ్లుంటారు. కుక్క కూడా అలసిపోతుంది. దానికీ విశ్రాంతి ఉండాలి. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం చెబుతోంది కదా (12:10)!

అసలు కుక్క చేసేదేమిటి? పక్కన కూర్చుంటుంది, అంతే. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక మంచిపని కూడా అదే. ఏడు రాత్రింబగళ్లు ఒక్క మాటైనా మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారు (యోబు 2:13). నోరు విప్పాకే చెడగొట్టారు. చివరికి దేవుని కోపం రగిలింది వాళ్ల మాటల మీదే (42:7). వేదాంతం చదువుకున్న మాబోటి సంఘకాపరులకు మౌనంగా కూర్చోవడం కష్టం. ఏదో ఒక వాక్యం చెప్పి రాకపోతే బాధ్యత తీరనట్టు ఉంటుంది.

బైబిల్లో కుక్కకు గౌరవం తక్కువే. అయినా లూకా 16వ అధ్యాయంలో లాజరు వాకిట పడి ఉన్నప్పుడు అతని దగ్గరకు వచ్చినవి కుక్కలే. అవి కురుపులు నాకడం అతని దుస్థితికి గుర్తని కొందరు వ్యాఖ్యాతలు, ఆదరణ అని మరికొందరు అంటారు. రెండో మాటే మనకు నచ్చుతుంది. ఏమైనా, కుక్కలు తమకు చేతనైనది చేశాయని ధనవంతునికి శిక్ష తప్పలేదు. రొట్టె ఉన్నది అతని బల్ల మీద.

ఈ మాట అమెరికా సంఘాలకు గట్టిగానే చెప్పాలి. 2020లో ఆ దేశంలో 1 నుంచి 19 ఏళ్ల వారి మరణాలకు రోడ్డు ప్రమాదాలను మించి తుపాకులే మొదటి కారణమయ్యాయి. కాల్పుల తర్వాత కుక్కను పంపేది సంఘమే. తుపాకుల కట్టడి మాట ఎత్తితే అది రాజకీయమని తప్పుకునే విశ్వాసులూ ఆ సంఘాల్లోనే ఉన్నారు. డల్లాస్‌లో, అట్లాంటాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా లైట్లు ఆర్పి బల్లల చాటున నక్కే డ్రిల్లు నేర్చుకుంటూ పెరుగుతున్నారు. ఇది మనవాళ్ల విషయం కూడా.

ఇక మన ఇళ్ల సంగతి. సంఘంలో ఒక కుటుంబంలో తండ్రి చనిపోతే పెద్దలమంతా తల్లి చుట్టూ కూర్చుంటాం. ఆదరణ కూడికలో ముగ్గురు నలుగురు ప్రసంగిస్తారు. మూలన నిలబడ్డ ఐదో తరగతి పిల్లవాడి తల నిమిరి, ‘ఏడవకు నాయనా, నాన్న ప్రభువు దగ్గరున్నాడు, ఇక అమ్మను నువ్వే చూసుకోవాలి’ అని వచ్చేస్తాం. మొదటి సగం మన నిరీక్షణ. రెండో సగం పదేళ్లవాడి నెత్తిన బండ. భోజనాలయ్యాక వాడి దగ్గర ఎవరూ ఉండరు. సోమవారం బడిలో హోంవర్కు అడుగుతారు.

శిక్షణ పొందిన కుక్కలు మన దగ్గర అరుదు. వాటి కోసం ఆగనక్కర్లేదు. మన సంఘాలకు బడులున్నాయి, హాస్టళ్లున్నాయి, ప్రతి ఆదివారం సండే స్కూలు ఉంది. ఆదరణ కూడిక తేదీ నిర్ణయించే రోజునే, రాబోయే మూడు నెలలు వారానికోసారి ఆ ఇంటికి వెళ్లి, తల్లి కళ్లెదుటే ఆ పిల్లలతో గడిపే టీచర్లు ఎవరో కూడా సంఘ పెద్దలు నిర్ణయించవచ్చు. మొదట్లో వారు వాక్యం చెప్పకపోయినా ఫరవాలేదు. కాసేపు క్యారమ్స్ ఆడి వచ్చినా చాలు.