బాణామతి పుట్టుపూర్వోత్తరములు

బాణామతి యెక్కడిదని ప్రశ్నించినచో, భైంసా వంటి సరిహద్దు పట్టణమున నవతలివైపునకు వ్రేలు చూపుట మిక్కిలి సులభము. చెడ్డ సరకెప్పుడును పొరుగువారిదే గదా! మహారాష్ట్రులు దీనిని భానామతి యందురు; మనము బాణామతి యందుము; కన్నడులును దాదాపు నా పేరుతోనే పిలుతురు. 1948 వఱకు నీ మూడు భాషలవారును నైజాము రాజ్యమున నొక్క పాలన క్రింద నుండిరి. సంతలకును బండ్లబాటలకును భాషాభేదము లేదు. ఒకరి భయము మఱియొకరి యింటికి నడచివచ్చుటకు మంత్రమక్కఱలేదు. కావున దాని పుట్టినిల్లును వెదకుటకంటె, అది యే గుమ్మమున బలపడుచున్నదో చూచుట మేలు.

ఇది మన పల్లెల చీకటి మాత్రమే యని చదువరులు తలపవలదు. 1683లో జర్మనులు అమెరికాలోని పెన్సిల్వేనియాలో జర్మన్‌టౌను అను నూరిని నెలకొల్పిరి. తరువాతి శతాబ్దమున రైను నదీప్రాంతముల నుండి వేలకొలది జనులు వలసపోయిరి. బైబిలుతోపాటు రక్తము కట్టుటకు, జ్వరము దిగుటకు, పశువుల తెగులు పోవుటకు నుచ్చరించెడి మంత్రములను గూడ వారు మోసికొనిపోయిరి. 1802లో నచ్చటికి వచ్చిన జాన్ జార్జి హోమన్ అనునాతడు వానిని గూర్చి, 1820లో రీడింగు పట్టణమున పుస్తకముగా నచ్చు వేయించెను. వైద్యుడు దూరము, భయము దగ్గఱ: ఆ విద్య నిలుచుటకీ కారణము చాలును.

అంతవఱకు దోషము స్వల్పమనుడు. కాని రోగమును శత్రువే పంపునను నమ్మకము గూడ నా మూటలోనే యుండెను. 1928 నవంబరులో యార్కు ప్రాంతమున జాన్ బ్లైమైర్ అనునాతడు తనకు చేతబడి జరిగినదని నమ్మి సోదెకత్తె నాశ్రయించెను. ఆమె నెల్సన్ రేమయర్ అను రైతు పేరు చెప్పెను. బ్లైమైర్ ఇద్దఱు యువకులను వెంటబెట్టుకొని రేమయర్ తలవెండ్రుకకును హోమన్ పుస్తకమునకునై వెడలి, యాతనిని కొట్టి చంపెను. బడులును, రైళ్లును గల దేశముననే యిది జరిగినది! చంపినవారిని 1929లో న్యాయస్థానము శిక్షించినది. కాని యా హత్యకు బీజము వేసినది పేరు చెప్పిన నోరు.

మన తెలంగాణములో నడచునది వేఱా? బిడ్డకు జ్వరము వచ్చును. మందు వేయకముందే మంత్రగాని యొద్దకు పరువెత్తుదురు. అతడొక పేరు చెప్పును. ఆ పేరు ధనవంతునిది కాదు; దిక్కులేని వితంతువుదో, గిట్టని దాయాదిదో యగును. మంత్రము పలుకకుండ పండ్లూడబెఱుకుట, చెట్టునకు కట్టి కొట్టుట, సజీవముగా దహించుట మన పల్లెలలో జరిగిన ఘోరములే.

“మేము చదువుకొన్నవారము, దిష్టి తీసినంత మాత్రమున హంతకులమా?” యని మీరడుగవచ్చును. ఉప్పు, మిరపకాయలు పొయ్యిలో వేసెడి అవ్వపై మాకు కోపము లేదు. ఆ మిరపకాయలు చిటపటలాడినప్పుడు “ఎవరి కన్ను తగిలినదో!” యని మీరు పొరుగింటివైపు చూచెదరే, ఆ చూపును గూర్చియే మా వ్యాజ్యము. మంత్రగానికి మీరిచ్చు మొదటి బయానా యదియే.

మూఢనమ్మకములతో పోరాడిన నరేంద్ర దాభోల్కరును 2013 ఆగస్టు 20న పూనాలో కాల్చిచంపిరి. ఆ యేడే మహారాష్ట్రము చేతబడి దురాచారములకు ప్రత్యేక శాసనము చేసెను. 2017లో కర్ణాటకము చేసెను. సరిహద్దు దాటి భయము రాగలిగినప్పుడు శాసనమేల రాకూడదు? అట్టిది మనకును గావలయును. కాని శాసనము ప్రాణము పోయిన పిదప వచ్చును. గృహిణి ముందే రాగలదు. జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునికి చూపుడు. “ఎవరు చేసిరి?” అను ప్రశ్నను మీ గడప దాటనీయకుడు.