రైలు ఆటకు ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు

సంపాదకులకు,

ఇంట్లో కంప్యూటర్ మీద రైలు నడిపే ఆటల గురించి గత సంచికలో వేసిన వ్యాసం, కొత్త గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లు ఆ ఆశ వదులుకోవాలని తేల్చేసింది. ఉచితంగా దొరికేవన్నీ పిల్లల ఆటలని కూడా రాశారు. రెండూ తప్పే.

'ఓపెన్ రైల్స్' అనే ఆట పేరైనా ఆ వ్యాసంలో లేదు. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం తయారైన రూట్లూ ఇంజన్లూ ఇందులో నడుస్తాయి. మామూలు కంప్యూటర్ చాలు, పైసా ఖర్చు లేదు. మన రైల్వే అభిమానులు చేసిన డబ్ల్యూఏపీ-4 లాంటి ఇంజన్లూ దీనికి దొరుకుతాయి. దృశ్యాలు పాతకాలంగా కనిపిస్తాయి, నిజమే. కానీ బ్రేకు వేసి చూడండి. పొడవాటి గూడ్సులో బ్రేకు పైపు గాలి ఒత్తిడి తగ్గడం ఇంజన్ నుంచి వెనక్కి పాకుతూ పోతుంది. బ్రేకు విడిచాక చివరి వ్యాగన్లలో అది వదలడానికి ఇంకా సమయం పడుతుంది. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి బండిని ఆపాల్సిన చోట ఆపడమే లోకో పైలట్ పనితనం. ఆట ఎంచుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. మీ వ్యాసంలో బ్రేకు ఊసే లేదు.

ఇక ఖర్చు. ట్రైన్ సిమ్ వరల్డ్ అనే ఆటకు ఒక్క ధర చెప్పి ఊరుకున్నారు. ఆ ధరకు వచ్చేది కొన్ని రూట్లే. తక్కినవి విడివిడిగా కొనాలి. ఇష్టం పెరిగేకొద్దీ ఆ ఖర్చు అసలు ఆట ధరను ఎప్పుడో దాటిపోతుంది. పాఠకుడు డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సిన మాట ఇది. వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, కాజీపేట