మీటలు గుర్తుండని తాతగారు

"మా సారు రిటైరైన టీచరు. వయసు అరవై మూడు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట బాగానే ఉంది. కుడిచేతి వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి. దసరాకు హైదరాబాదు నుంచి వచ్చిన మనవడు టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ తెచ్చి తాతకు నేర్పబోయాడు. ఆట పేరు డ్రాగన్ వారియర్. పొద్దున చెప్పిన మీట సాయంత్రానికి మరిచిపోయారు. వాడు పకపకా నవ్వాడు. పసివాడు, వాడి తప్పు లేదు. కాని ఆనాటి నుంచి సారు 'నా దిమాక్ ఖతమైంది' అంటూ మంచం దిగడం లేదు. చేతి వ్యాయామం మానేశారు. మాత్రలు ఒకరోజు వేసుకుంటే ఒకరోజు లేదు. సంక్రాంతికి మనవడు మళ్ళీ వస్తాడు. ఆ గేమ్ దాచెయ్యమంటారా?"

ఉప్పునుంతల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది.

దాచవద్దమ్మా. అయితే మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మీటల సంగతి కాదు, మాత్రల సంగతి. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి రెండోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. రక్తపోటు మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేవి కావు. ఈ రాత్రి నుంచే మీ చేత్తో ఇవ్వండి. మూతి ఒకపక్కకు లాగినా, ఎత్తిన చేయి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఎంత టైమైందో చూసుకుని 108కి ఫోను చేయండి. నోట్లో నీళ్ళు గాని, మాత్రలు గాని వేయకండి. గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, కాబట్టి సి.టి. స్కాన్ ఉన్న ఆస్పత్రికి వీలైనంత త్వరగా చేరాలి.

ఇక ఆయన మెదడు నిజంగా పనిచేయడం మానేసిందా? పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తులేకపోతే అలా అనిపించడం సహజమే. కాని జ్ఞాపకం ఒక్కటే రకం కాదు. నోటితో చెప్పగలిగే జ్ఞాపకం వేరు, చేతికి ఉండే జ్ఞాపకం వేరు. మన తరంలో టైపు నేర్చుకున్నవారిని "కె అక్షరం ఎక్కడుంది?" అని అడగండి. తడుముకుంటారు. మిషను ముందు కూర్చోబెడితే వేలు దానంతట అదే పోతుంది.

ఇందుకు వైద్యశాస్త్రంలో పేరుపడ్డ రోగి ఒకాయన ఉన్నాడు. అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. మూర్ఛలు తగ్గించడానికి 1953లో మెదడుకు ఆపరేషను చేస్తే మూర్ఛలు తగ్గాయి గాని, కొత్త సంగతి ఏదీ గుర్తుండకుండా పోయింది. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిలు నడిపించింది. మూడు రోజులు చేయించింది. ప్రతిరోజూ "ఇది నేనెప్పుడూ చేయలేదు" అన్న మనిషి చేయి మాత్రం రోజురోజుకీ తప్పులు తగ్గించుకుంటూ వచ్చింది. 1962లో ఆమె ఈ సంగతి ప్రచురించింది. మీ సారుకు అంతటి మతిమరుపు లేనేలేదు. ఆయనకు జరిగిందల్లా ఒకే పూటలో పాఠమంతా చెప్పి వెంటనే పరీక్ష పెట్టడం. టీచరుగారికి ఈ మాట చెప్పండి, నవ్వుతారేమో.

ఆట మాత్రం మంచిదే దొరికింది. 1986లో జపానులో డ్రాగన్ క్వెస్ట్ పేరుతో వచ్చి, 1989లో అమెరికాలో డ్రాగన్ వారియర్ అయింది. మనమే ఒక వీరుడి పాత్రలోకి వెళ్ళి ఆడాలి. ఎడమచేతి వైపు ప్లస్ గుర్తులాంటి మీట, అది నడిపించడానికి. కుడివైపు ఏ, బీ అని రెండు. ఏ నొక్కితే పనుల జాబితా తెరుచుకుంటుంది: మాట్లాడు, మెట్లు, వెతుకు, తలుపు, తీసుకో, ఇలా ఎనిమిది. కావలసిన దాని మీదకు వెళ్ళి మళ్ళీ ఏ నొక్కాలి. పొరపాటైతే బీ నొక్కితే వెనక్కి వస్తుంది. మెట్లెక్కడానికి కూడా జాబితాలో 'మెట్లు' ఎంచుకోవాలి. ఇది తెలియక నేనూ ఒకసారి మెట్ల మీద చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. నాకు పక్షవాతం లేదు.

ఆట మొదలయ్యేది రాజుగారి గదిలో. తలుపుకు తాళం. రాజుతో మాట్లాడాలి, పెట్టెల్లోంచి తాళంచెవి తీసుకోవాలి, తలుపు తీయాలి, మెట్లు దిగాలి. గది బయటపడేసరికి ముఖ్యమైన మీటలన్నీ వాడినట్టే. అంటే ఆ గదే పాఠశాల. వారం రోజులు ఆ గదిలోనే ఉండనివ్వండి. శత్రువు ఎదురైనా తొందరలేదు, మనం మీట నొక్కేదాకా అది కాచుకుని ఉంటుంది. ఓడిపోతే మళ్ళీ రాజు ముందుకే వస్తాం. సగం బంగారం పోతుంది గాని సంపాదించిన అనుభవం పోదు.

మీటల పెట్టెను చేత్తో పట్టుకోమనకండి. ఎత్తైన పీట మీదో, ఒళ్ళో గట్టి దిండు మీదో పెట్టి, జారకుండా కింద తడిగుడ్డ పరవండి. మంచిదైన ఎడమచేతి బొటనవేలు నడిపిస్తుంది. కుడిచేతి పని ఏ మీట నొక్కడమే. బొటనవేలు రాకపోతే చూపుడువేలితో నొక్కనివ్వండి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. రాత్రి నిద్రలో మెదడు ఆ పాఠాన్ని గట్టిపరుచుకుంటుంది. అందుకే రెండు గంటలు ఒకేసారి కూర్చోవడం కన్నా ఇదే మేలు. ఆయన తప్పు నొక్కితే మీటల పెట్టె లాక్కుని చూపించకండి. పిల్లలకు ఈ అలవాటు ఎక్కువ, పెద్దలకూ తక్కువేం కాదు. వేరొకరి వేలు నొక్కితే ఈయన వేలికి ఏం వస్తుంది?

బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి వస్తే ఆపండి. తెర మీద ఎప్పుడూ ఒకే పక్క ఉన్నవి చూడకుండా వదిలేస్తుంటే అది మరుపు కాదు. పక్షవాతంలో ఆ పక్క చూపు దెబ్బతిని ఉండవచ్చు, డాక్టరుకు చెప్పండి.

ఈ ఆటతో చేయి బాగైపోతుందని మాత్రం నేను చెప్పను. పక్షవాతం వచ్చిన కొత్తలో ఉన్న 141 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. కొందరి చేత వీడియో గేములు, కొందరి చేత పేకముక్కలు, బింగో వంటివి ఆడించారు. ఇద్దరి చేతులూ దాదాపు ఒకేలా మెరుగయ్యాయి. కాబట్టి గేము నచ్చకపోతే పేకముక్కలు పంచమనండి. ఏదైనా సరే, వ్యాయామం దానితోపాటు సాగాలి, దాని బదులు కాదు.

మంచం దిగకపోవడం రెండు వారాలు దాటి, తిండి, నిద్ర కూడా తగ్గితే చూపించండి. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి దిగులు జబ్బు పట్టుకుంటుంది. దానికి మందులున్నాయి. 'ధైర్యంగా ఉండండి' అంటే తగ్గేది కాదు.

మనవడికి ఇప్పుడే ఫోను చేసి, ఈసారి తాత ఆడుతుంటే పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలని చెప్పండి. ఆ మీటల పెట్టెను అటక మీద కాకుండా ఆయన కుర్చీ పక్కన పెట్టండి.