ఎవరి పాపము?



కొంతకాలము క్రిందట దివిసీమలో ఒక ఇంటి ప్రార్థనకూటమునకు వెళ్లితిని. ఆ యింటి తల్లికి ముగ్గురు బిడ్డలు. ఇద్దరు పుట్టు చెవిటివారు. అందుచేత మాటయు రాలేదు. ప్రార్థన ముగియగానే సంఘపెద్ద యొకడు, “అమ్మా, దాచుకొన్న పాపమేదైన ఉంటే ఒప్పుకో, దేవుడు బిడ్డల నోళ్లు తెరచును” అనెను. ఆమె పమిటచెంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. పెనిమిటిని ఎవరును ఏమియు అడుగలేదు. అతడామెకు స్వయాన మేనమామ. ఆ పెండ్లి కుదిర్చిన వారిలో ఈ పెద్దయు ఒకడే! నేను నోరు మెదపక, వారిచ్చిన కాఫీ త్రాగి వచ్చితిని. ఆ మౌనమునకు సిగ్గుపడి ఇది వ్రాయుచున్నాను.

తండ్రుల దోషము బిడ్డలమీదికి వచ్చునని నిర్గమకాండము 20వ అధ్యాయము చూపువారు యెహెజ్కేలు 18వ అధ్యాయము తెరువరేల? పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఈ ప్రశ్ననే అడిగిరి. వాని పాపమని గాని, తలిదండ్రుల పాపమని గాని ప్రభువు ఒప్పుకొనలేదు. ఆయన కొట్టివేసిన మాటను మనము బందరులోను గుడివాడలోను మరల ఎత్తుచున్నాము.

మరి ఆ బిడ్డలకు ఏమాయెను? 1866లో మెండెల్ అను మఠవాసి, బఠానీ మొక్కలు పెంచి తాను కనిపెట్టినది అచ్చువేయించెను. ఆయన చూపిన త్రోవన తరువాతివారు తెలిసికొన్నదేమనగా, మనకు జన్యువులు జతలుగా నుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. దస్తావేజు నకలు వ్రాయువాడు ఒక అక్షరము జారవిడిచినట్లు, ఏదో తరములో ఒక జన్యువు నకలు తప్పును. అది ఎవరి దొంగతనమునకును శిక్ష కాదు. అట్టి తప్పులు కొన్ని ప్రతి మనుష్యునిలోను ఉన్నవి, పాదిరిగారిలోను ఉన్నవి. జతలో రెండవది బాగున్నయెడల అనేక లోపములు అణగియుండును. ఒకే తప్పును మోయు ఇద్దరు దంపతులైనప్పుడు ప్రతి కాన్పునకును నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండును చెడ్డవే వచ్చును. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాలుగవ వంతు ఉమ్మడి. మేనత్త మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు. తప్పు తప్పును కలిసికొనుటకు ఇంతకంటె దగ్గరి దారి యేది?

లండనులో గారడ్ అను వైద్యుడు 1902లోనే ఇట్టి రుగ్మత యొకటి దగ్గరి బంధువుల బిడ్డలలో హెచ్చుగా నుండుట గుర్తించెను. మన పిఠాపురమువాడైన ద్రోణంరాజు కృష్ణారావుగారు, 1957లో భారతదేశమునకు వచ్చిన హాల్డేన్ పండితునియొద్ద శిష్యరికము చేసి, ఆంధ్రదేశపు మేనరికములనే పరిశోధించిరి.

న్యాయముగా చెప్పవలెను. మేనరికపు బిడ్డలలో ఎక్కువమంది ఆరోగ్యవంతులే. ఏ దంపతులకైనను తీవ్రమైన పుట్టులోపము నూటికి రెండు మూడు కాన్పులలో కలుగును. మేనత్త మేనమామ బిడ్డలు పెండ్లాడినచో అది సుమారు రెట్టింపగును, అక్క కూతురైనచో ఇంకను హెచ్చు.

“యాకోబు మేనమామ కూతుండ్రను చేసికొనలేదా?” అందురు. చేసికొనెను. బ్రదికియున్న అక్కచెల్లెండ్ర నిద్దరినీ చేసికొనెను, అదియు అనుసరింతురా? ఇంగ్లండు సంఘపు పాత ప్రార్థన గ్రంథములోని నిషిద్ధ బంధుత్వముల పట్టికలో అక్క కూతురు ఉన్నది. మనవారి అసలు లేఖనము యాకోబు కాదు. గట్టు దాటరాదనుకొను అరయెకరము పొలము, తగ్గివచ్చు కట్నము.

ఆ యింటి మూడవ బిడ్డకు చెవులు చక్కగా వినబడును. ఇప్పుడు పందొమ్మిదేండ్లది. తల్లి తమ్మునికే ఇత్తుమని, వివాహ ప్రకటన చదువుమని కాగితము పంపిరి. ఆ చెవుడు అణగియుండు లోపమువలననే వచ్చినదని వైద్యులు తేల్చియున్నారు. కాబట్టి ఈ పిల్ల ఆ తప్పును మోయుచుండుటకు మూడింట రెండు వంతుల అవకాశమున్నది. ఆ మేనమామకును తక్కువేమి కాదు. హైదరాబాదు నిమ్స్‌లో జన్యువైద్య విభాగమున్నది, అక్కడ అడిగి రండి, అంతవరకు చదువనని చెప్పి పంపితిని. పిల్లను ఎవరైన అడిగిరా అనియు ఆ పెద్దకు వ్రాసితిని. జవాబు ఇంకను రాలేదు.