షుగర్ గోలి మీద ‘ఎస్‌ఆర్’ అని ఉందా? అయితే నలగ్గొట్టొద్దు

మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు. అమ్మానాన్నలు అచ్చంపేటలోనో, అమ్రాబాద్, బల్మూర్ వైపు ఏదో ఊళ్లోనో ఉన్నారు. వాళ్లకు షుగర్ ఉంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక పని చెప్పండి. వాడుతున్న గోలీలన్నీ ముందు పెట్టుకుని, ఒక్కో స్ట్రిప్‌ను రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. వాటిలో ఎన్నింటి మీద ‘మెట్‌ఫార్మిన్’ అన్న మాట ఉందో చూడండి. ఒకటి కంటే ఎక్కువ కనిపిస్తే ఆ ఫొటోలను వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఈ మందు ఇంటికి రెండు దారుల్లో వస్తుంది. 30 ఏళ్లు దాటిన వాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు చేసి మందులు ఉచితంగా ఇచ్చే కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడుస్తోంది. తెలంగాణలో 2022 చివర్లో ఎన్‌సీడీ కిట్లు కూడా మొదలయ్యాయి. ఇదొక దారి. టౌన్‌లో ప్రైవేటు డాక్టర్ రాసిన బ్రాండు గోలి రెండో దారి. ఒకటి ఊళ్లో ఇచ్చింది, ఇంకొకటి ‘పెద్ద డాక్టర్’ రాసింది. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు ఒకటే. రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ సాధారణంగా రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఐసీఎంఆర్ సర్వే 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. టైప్ 2 షుగర్‌కు ఎక్కువగా మొదట రాసేది ఈ మందే. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటికో పరిమితమైన విషయం కాదు.

ఇక ఆ రెండు ఇంగ్లిష్ అక్షరాల సంగతి. ఎస్‌ఆర్ అంటే మందును నెమ్మదిగా వదిలే గోలి. కొన్ని కంపెనీలు ఎక్స్‌ఆర్, ఈఆర్, పీఆర్ అని కూడా వేస్తాయి. మామూలు మెట్‌ఫార్మిన్ రెండు మూడు గంటల్లో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఎస్‌ఆర్‌కు దాదాపు ఏడు గంటలు పడుతుంది. కడుపులోకి వెళ్లగానే ఈ గోలి తడిసి జిగురులా ఉబ్బుతుంది, అందులోంచి మందు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. కడుపు ఉబ్బరం, వికారం, విరేచనాలు తగ్గుతాయి. రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలే వీలూ ఉంటుంది. షుగర్ తగ్గించే బలంలో మాత్రం మామూలు గోలి దీనికి తీసిపోదు. ‘ఎస్‌ఆర్ అంటే పవర్ ఎక్కువ’ అనేది వట్టి మాట.

పెద్దవాళ్లతో చిక్కు వచ్చేది ఇక్కడే. గోలి లావుగా ఉంటుంది, గొంతు దిగదు. దాంతో చెంచాతో నలిపి నీళ్లలో కలుపుకుంటారు, లేదా నమిలేస్తారు. అప్పుడు రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. గోలిని చీల్చకుండా, నలపకుండా నిండుగా మింగాల్సిందే. మింగలేకపోతే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి, చిన్న గోలికో మామూలు రకానికో మారుస్తారు. ఒక్కోసారి మలంలో గోలి ఆకారం మెత్తగా కనిపించి భయపెడుతుంది. అది మందు అయిపోయాక మిగిలిన ఖాళీ డొల్ల. అది చూసి ఇంకో గోలి వేసుకోకూడదు.

ఎస్‌ఆర్‌ను ఎక్కువగా రాత్రి భోజనంతో వేసుకోమంటారు. దీనికి కారణం ఉంది. కడుపులో తిండి ఉంటే గోలి అక్కడ ఎక్కువసేపు ఆగుతుంది, మందు మరింతగా ఒంటికి పడుతుంది. పరగడుపున వేసుకుంటే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

ఉచిత మందు అయిపోయి షాపులో కొన్నప్పుడు, లేదా షాపు మందు మానేసి ఆసుపత్రి మందుకు మారినప్పుడు ఒకటి అడగండి: ‘ఇది మామూలుదా, ఎస్‌ఆరా?’ జన్ ఔషధి దుకాణాల్లో ఎస్‌ఆర్ కూడా చౌకగా దొరుకుతుంది, ఖర్చు కోసం మందు ఆపాల్సిన పనిలేదు. స్ట్రిప్ మీద రాత దాదాపు అంతా ఇంగ్లిషే. ఎస్‌ఆర్ గోలి ఇచ్చే ప్రతి కవర్ మీదా ‘నమలొద్దు, తిన్నాక మింగండి’ అని తెలుగులో ఉండాలి. ఇంత చిన్న పనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.

బ్రాండు పేరు వెనక ఉన్న అక్షరాలూ చూడండి. గ్లైకోమెట్ జీపీ వంటి వాటిలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ కలిస్తే, తిండి ఆలస్యమైనా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. శివరాత్రి ఉపవాసమున్నా, రంజాన్ రోజా ఉన్నా డాక్టర్‌ను ముందే అడగాలి.

మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది కిడ్నీల గుండానే. కిడ్నీలు నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. అరుదుగానైనా రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. చైత్ర పౌర్ణమి సమయంలో నల్లమలలో సలేశ్వరం జాతరకు ఎండలో కొండలు దిగి ఎక్కేవాళ్లున్నారు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఆ రోజులకు మందు ఆపాలా అని డాక్టర్‌ను అడగండి. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో సీటీ స్కాన్ తీస్తామన్నప్పుడు కూడా ఈ మందు వాడుతున్నామని చెప్పాలి. అతిగా తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. విపరీతమైన నీరసం, ఆయాసం, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఏడాదికి ఒక్కసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించండి. దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు తిరిగి చూస్తారు, 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపేస్తారు. ఏళ్ల తరబడి వాడుతున్న వాళ్లలో బీ12 విటమిన్ తగ్గుతుంది. కాళ్లు తిమ్మిరెక్కితే ‘షుగర్ వల్లే’ అని సరిపెట్టుకోకుండా ఆ పరీక్ష కూడా అడగండి. బీ12 లోటు ఉందని తేలితే దానికి మందు ఉంది.